పిట్ట పట్టేసిన ఈల

ఎర్రకొండ కింద మేకలు మేపుకునే ఓబులేసుకు ఒళ్లు వంచడమంటే మహా బద్ధకం. వాళ్ల నాన్న ఈల వేసి, వచ్చిన మేకలకు పంచెకొంగులో కట్టుకున్న తుమ్మకాయలు తలా రెండు పెట్టేవాడు. ఓబులేసు ఈల ఉంచుకుని కాయలు మానేశాడు.

"ఈలకే వస్తుంటే కాయలేరే ఖర్మ నాకెందుకు?" అనేవాడు.

వాగు అవతల గుబురు పొదల్లో ఒక పిట్ట ఉండేది. ఎవరి కంటా పడేది కాదు. పికిలిపిట్టలా కూసేది, కౌజులా అరిచేది. ఎండాకాలం ముగిసేసరికి ఓబులేసు ఈల కూడా పట్టేసింది. ఇక చూడండి అతని తిప్పలు! ఇటు అతను ఈల వేస్తే అటు అది వేసేది. ఆ పొదల పక్కనే తుమ్మచెట్టు, దాని కింద రాలిన కాయలు. మేకలు అటే పోయేవి.

"పాడు పిట్టా! బయటికి రా, నీ మెడ విరిచేస్తా!" అని ఓబులేసు రాళ్లు రువ్వేవాడు. రాళ్లు ఆగగానే మళ్లీ అదే ఈల. తిట్టడానికి ఉన్న ఓపిక నాలుగు కాయలు ఏరడానికి లేదు. ఇలాంటివాడికి ఏం చెప్పాలి!

ఒక మధ్యాహ్నం కొండ మీద వాన పడింది. వాగులో ఎర్రనీళ్లు దిగాయి. మేకలు అవతల ఉన్నాయి. ఓబులేసు ఈల వేశాడు. పొదా వేసింది. మేకలు తలెత్తి అతన్ని చూసి, పొద వైపే నడిచాయి. అతను మళ్లీ వేశాడు, మళ్లీ వేశాడు. నీళ్లు మోకాలు దాటాయి.

అంతలో సంగటి తెచ్చిన అతని భార్య సుంకులమ్మ గంప దించి, గబగబా ఇవతలి ఒడ్డున ఉన్న ఇంకో తుమ్మచెట్టు కింద కాయలు ఏరి ఒడిలో పోసుకుంది. రోజూ దొడ్లో తౌడు పెట్టేటప్పుడు పిలిచే గొంతుతో "దా... దా..." అంటూ ఒడి గలగలలాడించింది. మేకలు వాగులోకి దూకాయి. అన్నీ దాటాయి, చివరిదైన చూడిమేక తప్ప. బరువుతో ఈదలేక అది కొట్టుకుపోయింది.

మర్నాడు ఓబులేసు కొడవలి తీశాడు. "ఆ పొదను నరికేస్తా. నా ఈల ఎత్తుకపోయి నా మేకను చంపింది!"

సుంకులమ్మకు ఒళ్లు మండింది. "ఈల ఎత్తుకపోయింది, సరే. నీ కొంగులో కాయల్ని గూడా అదే ఎత్తుకపోయిందా?"

ఓబులేసు కొడవలి చూరులో పెట్టి, కాయలేరడానికి పోయాడు.

పిలుపును ఎవరైనా అనుకరించగలరు. పిలిచి పెట్టే చేతినే అందరూ నమ్ముతారు.