గంగాలు కట్టిన మట్టిల్లు

ఇలా దగ్గరికి జరుగు బుజ్జులూ. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. చెబుతున్నా, విను.

అనగనగా, ఇంకా ఊరంటూ పుట్టని ఒక చోట, కొండ కింద ఎర్రనేల ఉండేదట. తుమ్మ తుప్పలూ, రేగుకంపలూ, రాళ్ళూ తప్ప అక్కడ ఏమీ లేవు. మల్లన్న అనే ముసలి గొర్రెల కాపరి ఒక్కడే అటు తిరిగేవాడు.

ఒకనాడు ఆ నేల మీదికి గంగాలు వచ్చింది. నెత్తిన గిన్నెల గంప, చంకలో మూడేళ్ళ కూతురు చిట్టెమ్మ. వెనకాల మొగుడు సత్తెయ్య, భుజాన గొడ్డలీ పలుగూ. వాళ్ళది గోదారి మధ్య ఒక లంక. గోదారి ఒడ్డు కోసుకుంటూ కోసుకుంటూ ముందు వాళ్ళ పొలాన్ని తీసుకుంది, ఆ తర్వాత దొడ్డిని, ఆ తర్వాత ఇంటిని.

అప్పుడు రాజుగారు చాటింపు వేయించారు. కొండ కింద బీడులో ఇల్లు కట్టి, మూడేళ్ళు కాపురముండి, మూడో ఏడు చేలో పంట చూపించినవాళ్ళకి ఆ నేల వాళ్ళదేనని. ఏటా కార్తీకంలో అమీను, అంటే భూములు చూసే ఉద్యోగి, గుర్రమెక్కి వచ్చి చూసిపోతాడు.

మొదటి ఏడు వాళ్ళు లంకలో కట్టుకున్నట్టే రెల్లుపాక వేసుకున్నారు. పాక ముచ్చటగానే ఉంది. కానీ కొండగాలి సంగతి వాళ్ళకేం తెలుసు? ఒక మధ్యాహ్నం గాలి దిగింది. కప్పు కప్పంతా కొంగల గుంపులా లేచి తుమ్మల్లో పడింది. నాలుగు రాటలు మిగిలాయి.

మర్నాడే అమీను వచ్చాడు.

“ఇల్లేదమ్మా?” అన్నాడు.

గంగాలు ఆ నాలుగు రాటల మధ్యే కూర్చుని గంజి కాస్తోంది. “ఇదేనండి బాబూ. నిన్న కప్పు లేచిపోయింది. మేం లేచిపోలేదు” అంది.

అమీను మీసాల్లో నవ్వుకుని, కాపురం ఉన్నారని రాసుకుపోయాడు.

ఆ తర్వాత మల్లన్న వచ్చి చెప్పాడు. “ఈ గాలికి రెల్లు ఆగదమ్మా. మట్టిగోడ పెట్టుకోండి. మూరెడు పెట్టి ఆగాలి. అది ఎండాకే పై వరస. తొందరపడితే మొత్తం కూలుతుంది.”

రెండో ఏడు గోడలు మొదలుపెట్టారు. నడుమెత్తు లేచాయో లేదో, దూలం కోసం కొండ మీద కొట్టిన చెట్టు సత్తెయ్య కాలి మీద పడింది. ఎముక విరిగింది. మల్లన్న వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. మూడు నెలలు లేవకూడదన్నాడు.

“పోదాం గంగాలూ” అన్నాడు సత్తెయ్య. “కాలు బాగయ్యాక ఎక్కడో కూలి చేసుకుందాం.”

“పోవడానికి మనకి ఊరెక్కడుందయ్యా?” అంది గంగాలు.

ఆమెకి భయం లేదనుకున్నావా? ఉంది. మట్టి తొక్కుతూ తొక్కుతూ ఏడ్చింది. కానీ తొక్కడం మానలేదు. కాస్త దూరంలో వాగు. కావడి వేసుకుని నీళ్ళు తెచ్చేది. ఎర్రమట్టిలో గడ్డి కలిపి తొక్కేది. ముద్ద మీద ముద్ద పెట్టేది. సత్తెయ్య పడుకునే తాళ్ళు పేనేవాడు. చిట్టెమ్మ గుప్పెడు గుప్పెడు గడ్డి అందించేది. దూలం ఎత్తే రోజున మల్లన్న తన తోటి కాపర్లను తీసుకొచ్చాడు. ఆ పైన తాటాకు కప్పారు.

కార్తీకం రాకముందే మళ్ళీ గాలి దిగింది. గంగాలు లోపల నిలబడి గోడకి అరచెయ్యి ఆనించింది. గోడ కదల్లేదు.

మూడో ఏడు శ్రావణంలో గోదారి పొంగింది. లంకలోంచి తొమ్మిది కుటుంబాలు తడిసిపోయి ఆ ఇంటి ముందుకొచ్చాయి. పిల్లల్ని లోపల పడుకోబెట్టారు. పెద్దవాళ్ళు చూరు కింద ముడుచుకున్నారు. ఇంట్లో ఉన్నదల్లా విత్తనానికి దాచిన ఒక గాదె జొన్నలు.

“అవి విత్తనాలే” అన్నాడు సత్తెయ్య మెల్లగా. “అవి అయిపోతే చేలో చూపించడానికి ఏమీ ఉండదు. నేల పోతుంది.”

“పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారయ్యా” అంది గంగాలు. రోకలి అందుకుంది.

సత్తెయ్య కుంటుకుంటూ వెళ్ళి గాదె మూత తనే తీశాడు.

ఎనిమిది రోజులు అందరూ జొన్నగంజి తాగారు. తొమ్మిదో రోజుకి గాదె ఖాళీ. అప్పుడు మల్లన్న విత్తనానికి ఒక మూట చోళ్ళు, అంటే రాగులు, తెచ్చాడు. ఆలస్యమైనా చోళ్ళు మొలుస్తాయన్నాడు. విత్తే ముందు తన మందని రెండు వారాలు ఆ చేలోనే ఉంచాడు, ఎరువు పడుతుందని. తొమ్మిది కుటుంబాలూ చేలోకి దిగాయి. ఆ తర్వాత వాన మొహం చాటేసింది. అప్పుడు వాగు నుంచి చేను దాకా మనుషులు వరసగా నిలబడి, చేతి నుంచి చేతికి కుండలు అందించారు.

కార్తీకంలో అమీను వచ్చాడు. చేను మోకాలెత్తు ఉంది. కంకులు అప్పుడప్పుడే తొంగిచూస్తున్నాయి. ఒక కంకి నలిపి చూశాడు.

“గింజ ఇంకా పాలమీదే ఉందే, ముదరలేదు” అన్నాడు.

ఇక నేల పోయినట్టేననిపించింది గంగాలుకి. అయినా అబద్ధం చెప్పలేదు. “విత్తనం వండి పెట్టేశానండి. ఇది ఆలస్యంగా వేసిన చేను” అంది.

అమీను తలెత్తి చుట్టూ చూశాడు. తొమ్మిది చోట్ల ఎర్రగోడలు లేస్తున్నాయి. ఎవరూ తొందరపడకుండా, మూరెడు పెట్టి ఆరబెట్టుకుంటున్నారు.

“నేను ఒక ఇల్లు చూసి పోదామని వచ్చానమ్మా. ఇక్కడ ఊరే లేస్తోంది” అన్నాడు. నేల గంగాలుదీ సత్తెయ్యదీ అని రాశాడు. ఆ తొమ్మిది కుటుంబాల పేర్లూ అడిగి, వాళ్ళకీ మూడేళ్ళ గడువు రాసుకున్నాడు.

ఆ తర్వాత ఆ ఇల్లు చాలా చూసింది. ఊళ్ళో తొలి పసిబిడ్డ అందులోనే పుట్టింది. పిల్లలు తొలి అక్షరాలు అందులోనే దిద్దారు. చిట్టెమ్మ పెళ్ళికూతురైంది కూడా అందులోనే. వానలు వెలిశాక ఏడాదికోసారి ఊరంతా వచ్చి గోడలకి కొత్తమట్టి మెత్తేవారు.

గంగాలు ముసలిదైంది. ఒక సాయంత్రం ఎవరో కొత్తవాళ్ళు, మొగుడూ పెళ్ళామూ, మూటలతో వచ్చి వాకిట్లో నిలబడ్డారు. ఆమె వాళ్ళనేమీ అడగలేదు. తన చాప చుట్టి చంకన పెట్టుకుని అరుగు మీదికి వచ్చేసింది.

“లోపలికెళ్ళండి. మీ గోడలు లేచేదాకా ఇది మీ ఇల్లే” అంది.

కథ నడిచె కంచికి,
కునుకొచ్చె కంటికి,
మనమేమో మనింటికి.