సుంకులవ్వ కారే కుండ

విన్నవాళ్ళకు విన్నంత, కునికినవాళ్ళకు కునుకంత! ఏళ్ళకు ఇంకా పేర్లు పెట్టని కాలంలో, ఏటి ఒడ్డున కోనాపురంలో సుంకులవ్వ అని ఒక కుమ్మరి అవ్వ ఉండేది. ముల్లోకాలు గాలించినా అంతటి కుమ్మరి దొరకదు. ఆమె సారె తిప్పితే ఇంద్రుడు స్వర్గం అంచున కూచుని తొంగి చూసేవాడు.

సరే సరే, అట్లా చూడకండి. ఆమె కుండలు కారేవి. ఒకటీ అరా కాదు, అన్నీ. ఇంద్రుడు తొంగి చూసుంటే నవ్వడానికే చూసుంటాడు.

తప్పు ఆమె చేతిది కాదు, చూరుది. ఆ సీమలో ఒక కట్టుబాటు ఉండేది. తడుస్తూ ఎవరైనా మన చూరు కిందికొచ్చి నిలబడితే, చూరు నీళ్ళు ఆగేదాకా పొమ్మనకూడదు. ఎందుకొచ్చావని అడగకూడదు. అందుకే తెలివైనవాళ్ళందరూ చూరు జానెడే దింపుకునేవాళ్ళు. సుంకులవ్వ మాత్రం ఏటేటా ఒక మూర ముందుకు లాగింది. చంటివాడు తాత తలపాగా చుట్టుకున్నట్టు ఉండేది ఆ ఇల్లు.

మొగుడు తరిమిన ఆడమనిషి వచ్చేది. కొడుకులు గెంటిన ముసలాయన వచ్చేవాడు. ఇల్లు ఏటిపాలైనవాళ్ళు వచ్చేవాళ్ళు. వాళ్ళు వణుకుతుంటే అవ్వ ఊరుకునేదా? కుండలు కాల్చే కట్టెలు తీసి చలిమంట వేసేది. దాంతో ఆవంలో కుండలు సగమే కాలేవి. సగం కాలిన కుండ కారక ఏం చేస్తుంది చెప్పండి?

ఒక ఏడు ఏరు విరుచుకుపడింది. సగం ఊరు కొట్టుకుపోయింది. రాజు మంచివాడే. చూరు ఇచ్చిన ఇళ్ళకు బొక్కసం నుంచి జొన్నలు, కట్టెలు పంపమన్నాడు. ఎందాకా? కట్టుబాటు ప్రకారం చూరు నీళ్ళు ఆగేదాకా. ఆ మాట రాతి మీద చెక్కించి, మీసం దువ్వుకుని పడుకున్నాడు.

బొక్కసం కాసేవాడు నరసింగప్ప. గింజ బయటికి పోతే సొంత పన్ను ఊడినట్టు విలవిల్లాడే మనిషి. వాన వెలిసీ వెలవగానే జొన్నల బండి వెనక్కి తిప్పించాడు.

అవ్వ చూరు కింద అప్పుడు ఈరమ్మ ఉంది. నిండు చూలాలు. మొగుణ్ణి ఏరు తీసుకుపోయింది. పాత జాగాలోనే మట్టిగోడ పెట్టుకుంటోంది. ఒక వరస ఎండితేగానీ పై వరస నిలవదు. గోడ ఇంకా మోకాలెత్తే.

"అవ్వా, నేను పోతాలే. ఆ గోడ చాటున పండుకుంటా."

"మోకాటి గోడ చాటున బిడ్డను కంటావా? నువ్వేమన్నా కోడిపెట్టవా? నోరు మూసుకుని గంజి తాగు."

గంజి అన్నదే గానీ, ఇంట్లో గింజ లేదు. అవ్వ తల పట్టుకుని చూరు కింద కూలబడింది. నెత్తిన చుక్క పడింది. టప్. పైకి చూసింది. ఈరమ్మ దాహానికని చూరుకు వేలాడదీసిన కుండ! టప్. టప్.

అవ్వ ఎగిరి గంతేసింది. ఆ నడుముతో ఎగరకూడదు, అయినా ఎగిరింది. "ఈరీ! చూరు కారతాందే!"

బండి ఏదని అడగడానికి కబురంపింది. మొదట బొక్కసం బంటు వచ్చాడు.

"చూరు కారుతోందా అవ్వా?"

"కారతాంది నాయనా."

"అయితే పొమ్మనడానికి లేదు." తల గోక్కుంటూ బండి తోలించాడు.

రెండోసారి నరసింగప్పే వచ్చాడు. మిట్టమధ్యాహ్నం, రాళ్ళు పగిలే ఎండ.

"చూరు కారుతోందా ముసలీ?"

"కారతాంది నాయనా."

"ఆకాశంలో మబ్బు తునకైనా లేదే!"

"కట్టుబాటులో మబ్బు మాట లేదు గదప్పా!"

మూడోసారి రాజునే వెంటబెట్టుకొచ్చాడు. "చూడండి దొరా, బొక్కసానికి బొక్క!" అని చేతికర్రతో కుండను ఠపీమని కొట్టాడు. పెంకులు రాలాయి. చూరు ఆగింది. ఈరమ్మ మెల్లగా మూట అందుకుంది.

"ఆగింది!" నరసింగప్ప చిందేశాడు.

"ఉండప్పా!" అవ్వ లోపలికి దూరి ఇంకో కుండ తెచ్చి కట్టింది. టప్. అదీ పగలగొట్టాడు. ఇంకోటి తెచ్చింది. టప్. "కొట్టు నాయనా, కొట్టు! ఇంటినిండా ఇవే. కొన్నోడు ఒక్కడుంటే ఒట్టు!"

రాజుకు నవ్వీ నవ్వీ తలపాగా జారిపోయింది. "అదేమే అవ్వా, కుమ్మరిదానివి, అన్నీ కారడమేంటి?"

అవ్వ సిగ్గుతో కొంగు నోట్లో పెట్టుకుంది. జవాబు ఈరమ్మ చెప్పింది. "ఆవంలో వేయాల్సిన కట్టెలు మాకు మంటేసింది దొరా."

రాజు నవ్వు ఆగింది. చూరు కిందికొచ్చి నిలబడ్డాడు. నెత్తిన చుక్క పడినా తుడుచుకోలేదు.

"వాన ఆగింది గదా. వీళ్ళనెప్పుడు పంపుతావు అవ్వా?"

"ఎవరి చూరు వాళ్ళకు కారినప్పుడు దొరా."

రాతి మీద మాట మారింది. చూరు కింద నిలబడ్డ మనిషికి సొంత చూరు లేచేదాకా తిండీ కట్టెలూ బొక్కసానివే. గోడకు మట్టీ, కప్పుకు దూలమూ బొక్కసానివే. ఇక ఆ కుండ ఎన్నటికీ ఎండకూడదు. ఏటేటా కొత్త కుండ కట్టి, నిచ్చెనెక్కి మొదటి నీళ్ళు పోయాల్సింది నరసింగప్ప, ఆయన తర్వాత ఆయన వంశం!

ఈరమ్మ బిడ్డ గోడ చాటున కాదు, అవ్వ చేతుల్లో పుట్టింది. అవ్వ పోయిననాడు ఊళ్ళో ప్రతి చూరుకూ ఒక కారే కుండ వేలాడిందట.

రాజులు పోయారు, సర్కార్లు వచ్చాయి. ఆ చూరు మాత్రం ఉంది. జొన్నలు బియ్యమయ్యాయి, అంతే. ఇప్పటికీ ఆ సీమలో కొత్తింట్లో దిగేవాళ్ళు ముందు చూరుకు సగం కాలిన కుండ కడతారు. కష్టంలో ఉన్నవాళ్ళు వాకిట నిలబడి, "చూరు కారతాందా?" అంటే చాలు. "కారతాంది, రా" అంటారు. ఇంకేమీ అడగరు.

ఇంత బాగా నీకెట్లా తెలుసంటారా? అదీ... నరసింగప్ప మా ముత్తాతకు ముత్తాత. మొన్న నిచ్చెనెక్కింది నేనే. ఎక్కడమేంటి, జారి బురదలో కూలబడ్డాను, నీళ్ళన్నీ నా నెత్తినే. చూరు కింద ఏ ఊరిదో ఒక చంటిది, వచ్చినప్పట్నించీ ఏడుపు తప్ప ఎరగదట, నన్ను చూసి పకపకా నవ్వింది.