నెమలికంఠం రంగు కారు

ఆటోనగర్ దస్తగిరి గారికి, ఏదైనా అడిగితే అప్పటికప్పుడు జవాబు చెప్పే అలవాటు లేదు. కార్ల మీద గీతలు పోగొట్టి రంగుకి మెరుగు తేవడంలో ఆయనంతటి చెయ్యి ఆ చుట్టుపక్కల లేదు గానీ, మాట మాత్రం మహా పొదుపు. ఆయన శిష్యుడు ఏసుపాదానికా, కడుపులో మాట దాగదు. ఒకరోజు అడిగేశాడు.

"గురువుగారూ, అందరికీ ఒక రేటు, కొండలరావు గారికి రెట్టింపు! రిటైరైన రైల్వే గార్డు, ఒంటరి మనిషి, పైగా మీరంటే ప్రాణం. ఆయన్ని అలా బాదడానికి మీకు మనసెలా ఒప్పుతుందండీ?"

దస్తగిరి గారు పాలిష్ మిషన్‌కి స్పాంజి బిగించుకోవడంలో మునిగిపోయారు. ఏసుపాదానికి ఒళ్లు మండింది. తనని తండ్రిలా చూసుకున్న మనిషికి ఈ కక్కుర్తి ఏమిటని లోలోపల కుమిలిపోయాడు. రేపటి నుంచి పనిలోకి రాకూడదని కూడా అనుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే కొండలరావు గారు రానే వచ్చారు, నెమలికంఠం రంగు కారు వేసుకుని. ఆ రంగు ఆయన భార్య ఊరంతా తిరిగి ఏరికోరి తీసుకున్నది. ఆవిడ పోయాక, ఆవిడ పాత మంగళగిరి చీర ముక్కతోనే ఆయన రోజూ కారు తుడుస్తారు. పొడిగుడ్డతో తుడవొద్దని దస్తగిరి గారు ఎంత మొత్తుకున్నా వినరు. గుడ్డ కింద నలిగిన దుమ్ము రంగు మీద సన్నటి గీతలు పెడుతుంది. ఆ గీతలు చూసి ఉండలేక ఇక్కడికి పరుగెత్తుకొస్తారు.

"ఎంతైనా సరే దస్తగిరీ, అద్దంలా ఉండాలి!" అన్నారు వస్తూనే.

దస్తగిరి గారు రంగు మందం కొలిచే చిన్న పరికరాన్ని బానెట్ మీద ఆనించి చూశారు.

"బాబుగారూ, గీత పోవాలంటే దాని లోతు దాకా పైపొర అరగదియ్యాలి. అరిగింది మళ్లీ రాదు. ఇంకొక్కసారి మిషన్ పెట్టానంటే, అమ్మగారి రంగు నా స్పాంజికి అంటుకొచ్చేస్తుంది."

కొండలరావు గారు గబుక్కున బానెట్ మీద నుంచి చెయ్యి తీసేశారు.

"పొద్దున్నే తుడవకపోతే నాకు తోచదయ్యా," అన్నారు.

"తుడవొద్దన్నానా? ముందు దుమ్మంతా పోయేదాకా నీళ్లు కొట్టండి. ఆ తర్వాత తడిగుడ్డతో, మెల్లగా."

దస్తగిరి గారే పైపు పట్టి కారంతా కడిగారు. ఆ చీర ముక్కని శుభ్రంగా ఉతికి పెద్దాయన చేతిలో పెట్టి, ఆ చెయ్యి తను పట్టుకుని తుడిపించారు. రూపాయి పుచ్చుకోలేదు.

గీతలతోనే కారు వెళ్లిపోయింది. ఏసుపాదం తల ఎత్తలేకపోయాడు.

"మరి ఇన్నాళ్లూ ఆ రెట్టింపు రేటు..."

"భయపడి రావడం మానేస్తాడనుకున్నానురా, మొండిఘటం," అన్నారు దస్తగిరి గారు, ఇందాక బిగించిన స్పాంజి ఊడదీస్తూ. "ఇవాళ చెప్పిన మాట చెప్పడానికి నోరు రాక, ఇన్నాళ్లూ రేటు చెప్పాను."