గుట్టకింద నియోజకవర్గం, మూడు మందల ఓట్లు

గుట్టకింద నియోజకవర్గం పెద్దదేమీ కాదు. ఉత్తరాన వాగు, దక్షిణాన తుమ్మలబీడు, తూర్పున రాళ్లకట్ట, పడమట రేగడి చేలు. ఈ నాలుగు హద్దులూ ఒకప్పుడు కుందేలు పిల్లకు కూడా నోటికి వచ్చేవి. ఇక్కడ గెలిచినవాళ్లు మడుగు సభలో కూర్చుంటారు. ఎండాకాలంలో మడుగుకు ఎవరు ఏ దారిన రావాలో, ఎవరు ముందు తాగాలో, ఎవరు చివర తాగాలో ఆ సభే తేలుస్తుంది. సీటు కోసం అంత గొడవ అందుకే.

మొదటి ఎన్నికలో పోటీయే లేదు. గంగ అనే గేదె నిలబడింది, ఎవరూ అడ్డు రాలేదు. వచ్చినా ఆవిడ కదిలేది కాదు లెండి. తరవాతి రెండు ఎన్నికలూ పుల్లయ్య అనే ఎద్దు గెలిచాడు. ఆ రెండోసారి అతని మీద పోటీ చేసిన నక్క చిమ్మన్న పదకొండు ఓట్లతో ఓడిపోయాడు. ఓడినందుకు ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. గుట్టెక్కి కూర్చుని మూడు రోజులపాటు కిందికి చూశాడు. ఎవరు ఎక్కడ మేస్తున్నారో, ఎక్కడ పడుకుంటున్నారో అన్నీ గమనించాడు.

నాలుగో రోజు మడుగు సభకు అర్జీ పెట్టాడు. జనాభా పెరిగింది కాబట్టి నియోజకవర్గాలను మళ్లీ విభజించాలన్నాడు. ఆ పని ఎవరు చేస్తారని సభ అడిగితే ఒక్కరికీ తీరిక లేదు. "నాకు తీరికే" అన్నాడు చిమ్మన్న. తోకతో ఇసుకలో గీతలు గీసి చూపించాడు. సభ ఆవలిస్తూ ఒప్పుకుంది.

ఓటర్ల జాబితా రాసే కాకి కరణం పైనుంచి ఓసారి చూసి వచ్చి, "తొండ మీద రాయి పడితే ఎట్లుంటదో అట్లుంది నాయనా మన నియోజకవర్గం" అన్నాడు. తొండ తోక వాగు దాటి, చిమ్మన్న మేనమామలూ బావమరుదులూ ఉండే రాతిగని అంచు దాకా పోయింది. గుట్ట కింద మేసే గొర్రెలు మూడు మందలు. వాటిలో ఒక్క మందే గుట్టకిందలో మిగిలింది. రెండోది వాగవతల సీటులోకి, మూడోది తుమ్మలబీడు సీటులోకి పోయాయి. ఎక్కడికక్కడ గొర్రెల ఓట్లు తక్కువే అయ్యాయి. ఆ తరవాత జరిగిన రెండు ఎన్నికల్లోనూ చిమ్మన్నే గెలిచాడు.

గెలిచి మొదట చేసిన పని, మడుగుకు పోయే దగ్గరి దారిని నక్కలకు రాసివ్వడం. గొర్రెలు గుట్ట చుట్టూ తిరిగి, ఎండ నడినెత్తికి వచ్చాక మడుగు చేరి, అందరూ తాగి వదిలిన బురద తాగాలి. పోయిన వేసవిలో ఆ చుట్టుదారిలో ఏడు గొర్రెపిల్లలు పడిపోయి మళ్లీ లేవలేదు. వాటిలో రెండు ఎర్రక్క పిల్లలు.

ఎర్రక్క గుట్టకింద మందకు ముందు నడిచే గొర్రె. మెడలో గంట ఉంటుంది, నోట్లో మాటలు తక్కువ. ఆరో ఎన్నికకు నెల ఉందనగా ఆమె పుల్లయ్య కొట్టం ముందుకు వచ్చి నిలబడింది.

"మామా, ఈసారి నేను పోటీ చేస్తన్నా."

పుల్లయ్య నెమరు ఆపలేదు. "చెయ్. ఓడిపోతావు."

"ఎందుకు?"

"మూడు మందలూ ఒక్క చోట ఉంటే నువ్వే గెలుస్తావు. ఉండవు. హద్దు మార్చాలంటే ముందు గెలవాల. గెలవాలంటే ముందు హద్దు మారాల. నేను రెండుసార్లు దీని చుట్టూ తిరిగి, గానుగకు కట్టినట్టు మళ్లీ ఇక్కడికే వచ్చినా."

"హద్దును దాని చోటనే ఉండనీ మామా. మేమే కదుల్తాం."

"మీరు కదిలితే ఓటు కదుల్తదా? కాపురం ఎక్కడుంటే ఓటు అక్కడ."

"కాపురం ఉన్నట్టు కరణానికి ఎట్లా తెలుస్తది? పోయినసారి ఎక్కడెక్కడి నక్కలో వచ్చి ఓట్లేసి పోయినాయి. ఆయన ఎట్లా ఒప్పుకున్నాడు?"

పుల్లయ్య ముక్కుతో నవ్వాడు. "అది చిమ్మన్న తెచ్చిన నిబంధన. ఎన్నికకు ముందు పది రోజులూ ఎవరి పెంట ఎక్కడ పడితే వాళ్ల కాపురం అక్కడున్నట్టు లెక్క. గని నక్కలు పోతా వస్తా హద్దురాళ్ల మీద పెంట పెడతాయి గదా. చుట్టాలకున్న ఆ అలవాటునే చట్టం చేసి పెట్టినాడు."

"మామా, మా గొర్రెల పని ఏంది?"

"మేయడం."

"అది మా తిండి. పని ఏంది?"

పుల్లయ్య దవడ ఆగిపోయింది. ఆ ప్రాంతంలో వానలకు ముందు రైతులు కాపరులను బతిమాలి తమ చేలల్లో గొర్రెల మందలు కట్టించుకుంటారు. గొర్రెలు పడుకున్న మేరా పెంటికలు పడి చేను బలపడుతుంది. అందుకు రైతులు కాపరులకు జొన్నలు ఇస్తారు. లోకంలో పెంట వేయడమే ఉద్యోగంగా బతికేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లు గొర్రెలే.

"బాగానే ఉంది గానీ" అన్నాడు పుల్లయ్య, "మంద ఎక్కడ కట్టాలో చెప్పేది మీరు గాదు, కాపరి. మీకు ముగ్గురు కాపరులు. ఎవరి చేలు వాళ్లవి."

"మందలు కలిసిపోతే?"

పుల్లయ్య లేచి నిలబడ్డాడు. ఆ వయసులో అతను ఒక మాటకు లేచి నిలబడటం ఎవరూ చూడలేదు.

మర్నాడు చుట్టుదారిలో మిగతా రెండు మందలకు ముందు నడిచే గొర్రెలను ఎర్రక్క ఆపింది. చెప్పిందంతా విని వాగవతల మంద గొర్రె తల అడ్డంగా ఊపింది.

"కాపరి కొడతాడు ఎర్రక్కా."

"కొడతాడు. ఆ ఏడు పిల్లలు ఎవరూ కొట్టకుండానే పోయినాయి."

ఈసారి ఆ గొర్రె తల నిలువుగా ఊపింది.

ఎన్నికకు సరిగ్గా పది రోజులున్నాయనగా, సాయంత్రం మందలు తిరిగి వచ్చే వేళకు ఎర్రక్క గంట మోగించుకుంటూ పోయి అవతలి మంద నడుమ దూరింది. ఆమె వెనక ఆమె మంద దూరింది. మూడోదీ వచ్చి పడింది. కాపరులు అరిచారు, కాళ్లు పట్టి లాగారు, కర్రలు ఝళిపించారు. నాలుగింటిని ఇటు లాగితే ఐదు అటు దూరాయి. పొద్దు గుంకే సరికి ముగ్గురికీ గొంతులు పోయాయి. కాపరుల్లో పెద్దవాడైన బీరప్ప చెమట తుడుచుకుని, "ఈ పూటకు ఈ చేలోనే కట్టేద్దాం పాండ్రా" అన్నాడు. ఆ చేను గుట్టకింద నియోజకవర్గంలోని రేగడి. చేను రైతు సంతోషం పట్టలేక ముగ్గురికీ తానే అన్నం మోసుకొచ్చాడు.

రెండో రోజూ అదే వరస. మూడో రోజు కర్ర ఎర్రక్క కాలి మీద పడింది. నాలుగో రోజు ఆమె కుంటుకుంటూ వచ్చి మళ్లీ మంద నడుమ దూరింది. ఐదో రోజుకు పక్క చేను రైతు వచ్చి, "మూడు మందలూ కలిపే నా చేలో కట్టండయ్యా" అని బీరప్ప వెంటపడ్డాడు. ఆ పైన విడదీయాలన్న ఆలోచన కాపరులే మానేశారు.

చిమ్మన్న ఇదంతా గుట్ట మీదినుంచి చూస్తూనే ఉన్నాడు. పక్కనున్న బావమరిదితో, "చూసినావా, గొర్రెలకు దారి కూడా తెలీడం లేదు. ఒకటి పోతే అన్నీ దాని వెనకనే. వీటిని విడగొట్టడానికి నేను గీతలు గీయడం కూడా ఎక్కువే" అన్నాడు. ఇద్దరూ కడుపుబ్బా నవ్వుకున్నారు.

ఎన్నిక రోజు పొద్దున్నే బండపరుపు మీద కాకి కరణం జాబితా పట్టుకుని కూర్చున్నాడు. చిమ్మన్న గని చుట్టాలందరినీ వెంటేసుకుని వచ్చాడు. వచ్చి వరస చూశాడు. ముందు కుంటుతూ ఎర్రక్క. ఆమె వెనక కుందేళ్లు, గేదెలు. వాళ్ల వెనక మూడు మందలూ, చివర ఎక్కడుందో కనిపించకుండా.

"కరణం గారూ, ఈ గొర్రెలు ఇక్కడివి కావు" అన్నాడు చిమ్మన్న.

"ఇక్కడివే. పది రోజులూ నేను చేలో దిగి చూసినా."

"ఏం చూసినారు?"

"పెంటికలు. కాలు పెట్టేదానికి సందు లేదు."

"అది కాపురం ఎట్లా అవుతది? మంద కట్టినారు, పడుకున్నాయి, అంతే గదా."

"మీ బావమరుదులు రాయి మీద పెట్టి పోయింది కాపురమైతే, ఇవి పడుకుని లేచింది కాదా?" కాకి జాబితా తిప్పి చూపించాడు. "నిబంధన మీరు రాయించిందే. అక్షరం మార్చలేదు. వద్దంటే కొట్టేస్తా. ముందు గని వాళ్ల పేర్లు కొట్టాల, తరవాత గొర్రెలవి."

చిమ్మన్న చుట్టాల వంక చూశాడు. చుట్టాలు ఆయన వంక చూశారు. పేర్లు కొట్టమనకుండానే వాళ్లను వెంటేసుకుని పోయి వరస చివర నిలబడ్డాడు.

సాయంత్రానికి చిమ్మన్నకు తొంభై ఆరు ఓట్లు, ఎర్రక్కకు నాలుగు వందల పన్నెండు వచ్చాయి. గుట్టకింద చరిత్రలో ఇంత తేడాతో గెలిచినవాళ్లు లేరు.

గెలిచినవాళ్ల చుట్టూ సలహాలు మూగుతాయి కదా. కుందేళ్ల పెద్ద ఎగిరి ముందుకొచ్చాడు. "ఎర్రక్కా, ఇప్పుడు గీసే పని నీది. నక్కల బొరియలన్నిటినీ వాగవతలకు తోసెయ్. పీడ వదుల్తది."

వెళ్లిపోతున్న చిమ్మన్న ఆగి, చెవులు నిక్కించాడు.

"తోయను" అంది ఎర్రక్క. "వాగు, తుమ్మలబీడు, రాళ్లకట్ట, రేగడి చేలు. మొదట ఉన్న నాలుగు హద్దులే. గని గనిలోనే. ఈ పెంట నిబంధన రేపటినుంచి ఉండదు. ఏడాది పొడుగునా ఉండేవాళ్లకే ఓటు. చిమ్మన్న బొరియ గుట్ట మీదుంది కాబట్టి ఆయన ఓటు ఇక్కడే."

"నాకు కోపం లేదనుకోవద్దు" అని చిమ్మన్న వైపు తిరిగింది. "రెండు పిల్లల్ని పోగొట్టుకున్నా. కానీ నిన్ను చూసి గీత గీస్తే, నా తరవాత ఇంకొకడు నన్ను చూసి గీస్తాడు."

"మరి మడుగు దారి?" అని మెల్లిగా అడిగాడు చిమ్మన్న.

"దగ్గరి దారి అందరిదీ. పిల్లలున్న వాళ్లు ముందు."

మర్నాడు మడుగు దగ్గర మూడు మందల గొర్రెపిల్లలు తాగాయి. తరవాత కుందేలు పిల్లలు, దూడలు. అందరి వెనక, ఎండలో నాలుక వేలాడేసుకుని చిమ్మన్న తన వంతు కోసం నిలబడ్డాడు. అతని వంతు వచ్చే సరికి నీళ్లు కొంచెం కలకబారాయి గానీ, ఉన్నాయి.

నీతి: ఓటర్లే తమ నాయకుణ్ణి ఎంచుకోవాలి గానీ, నాయకుడు గీతలు గీసి తన ఓటర్లను ఏరుకోకూడదు.