పసుపు పూసుకున్న కుక్క, గాలి తెలిసిన నక్క

అనగనగా ఒక అడవి. పులులు తిరిగే పెద్ద అడవి అనుకోకండి. తంగేడు పొదలు, రేగు కంపలు, వాటి నడుమ ఎర్రమట్టి, గుండ్రాళ్ళు. అంతే. అయినా గొర్రెలకు ఆ అడవి చాలు. నాలుగు చినుకులు పడితే రాళ్ళ సందుల్లో మొలిచే గడ్డి బెల్లం కంటే తీపి అని గొర్రెలే చెప్పుకునేవి.

ఆ అడవిలో, ఒక గుట్ట వాలు మీద అయిలయ్య మంద ఆగింది. అయిలయ్య, అతని భార్య సాయవ్వ, వాళ్ళ గొర్రెలు, ఒక కుక్క. కుక్క పేరు దుమారం. పరుగెత్తితే వెనకాల ఎర్రదుమ్ము ఆకాశానికి లేచేది. అందుకే అయిలయ్య ఆ పేరు పెట్టాడు.

దుమారం లాంటి కుక్క ఆ చుట్టుపక్కల ఏ మందకూ లేదు. ఈ మాట ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను. కిందటి ఎండాకాలంలో తోడేలు వచ్చి మంద మీద పడింది. దుమారం ఒక్కడే ఎదురు నిలిచాడు. చెవి చిరిగింది. నెత్తురు కారింది. అయినా అడుగు వెనక్కి వేయలేదు. చివరికి తోడేలే తోక ముడిచింది.

ఆ గొర్రెల కాపరులకు ఒక ఆచారం ఉంది. మందను కాపాడిన కుక్కకు, గొర్రెలు ఈనే కాలం రాగానే పూజ చేస్తారు. సాయవ్వ దుమారానికి వేడినీళ్ళు పోసింది. ఒళ్ళంతా పసుపు రాసింది. నుదుట గంధం పెట్టింది. సాంబ్రాణి పొగ వేసింది.

"మా ఇంటి సింహానివిరా నువ్వు!" అంది.

పొగలో నిలబడి దుమారం మెడ నిక్కించాడు. గొర్రెలన్నీ చూస్తున్నాయి. అయిలయ్య చూస్తున్నాడు. ఇంతకంటే ఒక కుక్కకు ఏం కావాలి?

ఆ మందలో బూరి అనే గొర్రె ఉంది. పోయిన రెండు ఈతల్లోనూ దాని పిల్లలు బతకలేదు. ఈసారి ఒక్క పిల్ల పుట్టింది. తెల్ల చెవులు, వణికే కాళ్ళు. బూరి పిల్లను వెంటబెట్టుకుని దుమారం దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఈ అడవిలో మొండితోక నక్క ఉందట. పిల్లలను ఎత్తుకుపోతుందట. ఈ ఒక్కదాన్ని నాకు మిగిల్చు. ఇంకేమీ అడగను."

"తోడేలునే తరిమినవాణ్ణి. నక్క ఒక లెక్కా? నా ప్రాణం ఉండగా నీ పిల్లను ఎవరూ ముట్టుకోరు, చెల్లీ" అన్నాడు దుమారం.

పక్కనే చుక్కమ్మ గడ్డి నములుతోంది. చుక్కమ్మ మందలో అందరికంటే పెద్ద గొర్రె. దాని నుదుట తెల్ల చుక్క ఉంది. అది నమలడం ఆపి అంది:

"దుమారం, ఒక మాట చెబుతా బిడ్డా. తోడేలు వేరు, నక్క వేరు. తోడేలు మీద పడి కొడుతుంది. నక్క వాసన చూసి వస్తుంది. తెల్లవారుజామున గాలి గుట్ట మీది నుంచి కిందికి దిగుతుంది. అందుకే నక్క కింది నుంచి, గాలికి ఎదురుగా వస్తుంది. ఎవరెక్కడ ఉన్నారో దాని ముక్కుకు ముందే తెలిసిపోతుంది. నువ్వు చూస్తే ఇలా ఘుమఘుమలాడుతున్నావు."

"అయితే ఏం చేయమంటావు, పెద్దమ్మా?"

"పోయి కుంట బురదలో పొర్లు. ఆరిన తర్వాత మా దడిలోకి వచ్చి, మా పెంటికల్లో పొర్లు. మా మధ్యన పడుకో. అప్పుడు నక్క ముక్కుకు నువ్వు కూడా ఒక గొర్రెవే."

దుమారానికి ఒళ్ళు మండింది.

"పూజ చేసిన ఒంటికి పెంటికలు పూసుకోమంటావా? సింహం అన్నారు నన్ను. గొర్రె కమ్మంటావా? నువ్వు పెద్దదానివి కాబట్టి ఊరుకుంటున్నా!"

"సరేలే నాయనా. పసుపు నీది, పిల్లలు మావి" అంది చుక్కమ్మ. మళ్ళీ నమలడం మొదలుపెట్టింది.

మర్నాడు తెల్లవారకముందే దుమారం గుట్ట కింద పారే వాగు దారిలో ఒక తంగేడు పొద వెనక దాక్కున్నాడు. నక్క ఆ దారినే వచ్చింది. బక్కగా ఉంది. తోక సగమే ఉంది. రాతి మలుపు దగ్గర ఆగి ముక్కు పైకెత్తింది.

"ఓహో! అడవిలో పెళ్ళి జరుగుతున్నట్టుందే. పసుపు వాసన, గంధం వాసన. పెళ్ళికొడుకు మాత్రం తంగేడు పొద వెనక సిగ్గుపడుతున్నాడు!" అంది.

దుమారం దూకేసరికి అక్కడ నక్క లేదు. ముళ్ళపొదల సందుల్లోంచి చుట్టు తిరిగి, మందకు అటువైపు నుంచి వెళ్ళింది. ఒక గొర్రెపిల్లను నోట కరుచుకుని పోయింది.

సాయవ్వ నెత్తి కొట్టుకుంది.

"చూసినవా అయ్యా! మన కుక్కకు దిష్టి తగిలింది. అంత పూజ చేస్తే నలుగురి కళ్ళు పడవా?"

"అంతేనంటవా?" అన్నాడు అయిలయ్య.

"అంతే. దిష్టి తీయాలి."

దిష్టి తీసింది. మళ్ళీ పసుపు రాసింది. ఈసారి సాంబ్రాణి ఇంకో గుప్పెడు ఎక్కువ వేసింది. దుమారం ఆ పొగను గుండెల నిండా పీల్చుకున్నాడు. "నేను కనబడి ఉంటాను. అందుకే నక్క తప్పించుకుంది. రేపు కనబడను" అనుకున్నాడు.

మర్నాడు గుంత తవ్వుకుని అందులో పడుకున్నాడు. మీద ఎండుటాకులు కప్పుకున్నాడు. రెండు కళ్ళు తప్ప ఏమీ కనిపించవు. పక్కనే నడిచిన ఉడుత కూడా గుర్తుపట్టలేదు.

నక్క దూరంలోనే ఆగింది. ముక్కు పైకెత్తింది.

"దొరా! గుంతలో చల్లగా ఉందా? దుప్పటి ఆకులదైనా అత్తరు మాత్రం గట్టిదే పూసుకున్నావు!" అని పకపకా నవ్వింది.

ఆ రోజు ఇంకో పిల్ల పోయింది. సాయవ్వ మళ్ళీ దిష్టి తీసింది. మళ్ళీ పసుపు, మళ్ళీ పొగ. అయిలయ్య దగ్గుతూ అవతలికి పోయాడు. "కుక్కకు వేస్తున్నవా, నన్ను తరుముతున్నవా?" అన్నాడు.

మూడోనాడు దుమారం ఇంకో ఎత్తు వేశాడు. "నక్క కింది నుంచే కదా వస్తుంది. నేను పైన బండ మీద ఉండి, అది రాగానే కిందికి దూకుతా" అనుకున్నాడు. బండ మీద చదునుగా పడుకున్నాడు. పాపం, గాలి మాట మరిచాడు. బండ మీది గాలి నేరుగా వాగులోకి దిగింది. సాంబ్రాణిని వెంట తీసుకుపోయింది.

నక్క ఈసారి దాక్కోలేదు. తిన్నగా మందలోకి నడిచింది. కుక్క పైన బండ మీద ఉందని దానికి తెలుసు. అక్కడి నుంచి దిగేలోపు తన పని అయిపోతుందనీ తెలుసు. అది బూరి పిల్ల వెనక కాలు పట్టుకుంది. బూరి అరిచింది. ఆ అరుపుకు అయిలయ్య కర్ర విసిరాడు. కర్ర తగిలి నక్క పిల్లను వదిలేసింది.

పోతూ పోతూ బండ వైపు చూసి అరిచింది:

"దొరా! నువ్వెక్కడ ఉన్నావో నీ వాసనే నాకు చెబుతుంది. ఆ వాసన లేకపోతే నేనే భయపడాలి, కాపలా ఎటున్నదో తెలియక! ఆ పిల్ల నాదే. రేపు వస్తా."

దుమారం బండ దిగి వచ్చాడు. బూరి పిల్ల కాలు మీద పంటి గాట్లు ఉన్నాయి. బూరి దాన్ని నాకుతోంది.

"చెల్లీ..." అన్నాడు దుమారం.

బూరి కుంటుతున్న పిల్లను వెంటబెట్టుకుని, దుమారం పడుకునే చోటుకు దూరంగా, మంద అవతలి కొసకు వెళ్ళి నిలబడింది.

తోడేలు చెవి చీల్చినప్పుడు దుమారానికి ఇంత నొప్పి కలగలేదు.

దుమారం తన ఒంటిని తానే వాసన చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆ వాసన తన పేరులాగా తీయగా ఉండేది. ఇప్పుడు అందులో నక్క నవ్వు వినబడింది.

సరిగ్గా అప్పుడే సాయవ్వ నిప్పుల చట్టి పట్టుకుని వచ్చింది. "రారా నా తండ్రీ. ఈసారి ఎంత పెద్ద దిష్టి అయినా పోవాల్సిందే" అంది. చట్టిలోంచి తెల్లగా పొగ లేస్తోంది.

దుమారం ఆ పొగ వైపు చూశాడు. అవతలి కొసలో కుంటుతున్న తెల్ల చెవుల పిల్ల వైపు చూశాడు. వెనక్కి తిరిగి పరుగు తీశాడు.

"అయ్యో! కుక్కకు పిచ్చి పట్టింది! పూజ వద్దని పారిపోతోంది!" అని సాయవ్వ కేక పెట్టింది.

దుమారం కుంటలో దూకాడు. మునిగాడు. లేచాడు. మళ్ళీ మునిగాడు. నీళ్ళు పసుపుపచ్చగా మారాయి. ఒడ్డున బురదలో పొర్లాడు. వీపు, పొట్ట, చెవుల వెనక, మెడ పట్టీ కింద, ఎక్కడా వదల్లేదు. ఎండలో పడుకుని ఆరాడు. బురద పెచ్చులుగా రాలింది. దానితో పాటే వాసనా రాలింది.

తర్వాత తల ఎత్తుకుని గొర్రెల దడిలోకి వచ్చాడు. మందంతా చూస్తుండగా పెంటికల్లో వెల్లకిలా పడి పొర్లాడు. పొట్టేళ్ళు నవ్వాయి.

"ఒరేయ్, సింహం చూడరా! ఎరువులో ఈత కొడుతోంది!" అంది ఒక పొట్టేలు.

"నవ్వండి, బాగా నవ్వండి" అన్నాడు దుమారం. "నవ్వుతూనే కాస్త ఇలా జరగండి. మీ కింద ఉన్నది తాజాగా ఉంది."

చుక్కమ్మ దగ్గరికి వచ్చి, ముక్కు పెట్టి మెడ దగ్గర వాసన చూసింది. పొట్ట దగ్గర చూసింది. "చెవి వెనక ఇంకా కొంచెం పసుపు ఉంది, బిడ్డా" అంది. అక్కడ తన ఉన్నితో గట్టిగా రుద్దింది. మళ్ళీ వాసన చూసింది. "ఆఁ. ఇప్పుడు నువ్వు మావాడివి."

సాయవ్వ పిలిచినా దుమారం వెళ్ళలేదు. అయిలయ్య నిమరబోతే పక్కకు తప్పుకున్నాడు. మనిషి చేతి వాసన కూడా ఒంటికి అంటకూడదు మరి. సాయవ్వ కళ్ళు తుడుచుకుంది. దుమారానికి అది చూడ్డం కష్టమైంది. అయినా కదల్లేదు. గొర్రెల మధ్యన, బూరికీ పిల్లకూ పక్కన ముడుచుకుని పడుకున్నాడు.

బూరి కొంచెం జరిగింది. దూరంగా కాదు, దగ్గరగా.

తెల్లవారుజాము అయింది. గాలి గుట్ట దిగింది. గొర్రెల వాసన అంతా వాగులోకి మోసుకుపోయింది.

నక్క వాగులోంచి వచ్చింది. ముక్కు పైకెత్తింది. అటు చూసింది, ఇటు చూసింది.

"పసుపు లేదు, పొగ లేదు. దొర సిగ్గుతో ఊరు వదిలి పోయాడేమో!" అనుకుంది. నాలుగు అడుగులు వేసి ఆగింది. మళ్ళీ వాసన చూసింది. గొర్రెలు. అన్నీ గొర్రెలే. ఇంకో నాలుగు అడుగులు వేసింది. తెల్ల చెవుల పిల్ల కనబడింది. దాని పక్కన గోధుమరంగు గొర్రె ఒకటి పడుకుని ఉంది.

"ఏమే గొర్రే, కొంచెం జరుగు. ఈ పిల్ల నాది" అంది నక్క, మెడ చాపుతూ.

ఆ గొర్రె లేచింది. దానికి కోరలున్నాయి.

ఒక్క దూకు. దుమారం పళ్ళు నక్క మెడ మీద బిగిశాయి. నక్క గిలగిలలాడింది. గోళ్ళతో రక్కింది.

"నువ్వా! అదెలా? నీ దగ్గర గొర్రె వాసన వస్తోందే!" అంది ఊపిరాడక.

"గొర్రెల కుక్కను. ఇంకే వాసన రావాలి?" అని పళ్ళ సందుల్లోంచే గుర్రుమన్నాడు దుమారం. పట్టు వదల్లేదు.

మొండితోక నక్క మళ్ళీ లేవలేదు.

అయిలయ్య పరుగున వచ్చాడు. చచ్చిన నక్కను చూశాడు. పెంటికలు అంటుకుని, ముక్కు పుటాలు అదిరే కంపుతో నిలబడ్డ దుమారాన్ని చూశాడు. పొద్దు పొడిచేదాకా చూస్తూనే ఉన్నాడు. విషయం అంతా అర్థమైంది.

"సాయవ్వా!" అని పిలిచాడు. "ఇకనుంచి నేను చెప్పేదాకా ఈ కుక్క మీద ఎవరూ చుక్క నీళ్ళు పోయొద్దు."

సాయవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కానీ కళ్ళు మాత్రం మెరిశాయి. "కంపు కొట్టినా వీడు నా సింహమే" అంది.

ఆ రోజే మంద వాగు దాటి అవతలి గడ్డికి కదిలింది. వాగు దగ్గర ఇంకో మంద కుక్కలు మూడు ఎదురయ్యాయి. నున్నగా, తెల్లగా ఉన్నాయి.

"ఛీ, ఏం కంపురా ఇది! పక్కకు తప్పుకో" అన్నాయి.

దుమారం తప్పుకోలేదు. తల దించలేదు. ఆ మూడు కుక్కలే ముక్కులు చిట్లించుకుని దారి ఇచ్చాయి. దుమారం రాజు నడిచినట్టు నడిచాడు. నడుస్తూ తన గొర్రెపిల్లలను లెక్క చూసుకున్నాడు. నిన్నటి లెక్కకు ఒక్కటీ తగ్గలేదు. తెల్ల చెవుల పిల్ల అలసిపోయి కుంటుతూ వెనకబడింది. దుమారం ఆగాడు. పిల్ల వచ్చి అతని పొట్ట కింద దూరింది. తన మంద వాసనే వచ్చింది. భయమన్నది లేకుండా అక్కడే నిద్రపోయింది.

నీతి: గౌరవాన్ని ఒంటికి పూసుకుని తిరిగితే ముందుగా పసిగట్టేది శత్రువే. దాన్ని పనిలో పెట్టినవాడు మురికిలోనూ తల ఎత్తుకుని నడుస్తాడు.