ఈరమ్మ ఏరిన విత్తనం

అనగనగనగా, మీ తాతకు తాత ఇంకా బోర్లాపడటం నేర్చుకుంటున్న రోజుల్లో, నల్లరేగడి నేలల రాజ్యం ఒకటి ఉండేది. అందులో ఒక ఊరు. ఆ ఊళ్లో అందరూ పత్తే వేసేవాళ్లు.

వాళ్లకో వింత అలవాటు. మొదట పగిలిన కాయల్లో పత్తి తెల్లగా, నిండుగా ఉంటుందా, దాన్ని గింజతో సహా బేరగాళ్లకు అమ్మేసేవాళ్లు. ఆఖరి తీతలో, అంటే చివరిసారి పత్తి తీసినప్పుడు, మిగిలిన గిడసబారిన కాయల గింజల్ని మటుకు విత్తనానికి దాచేవాళ్లు. తాతలూ అంతే చేశారు, తండ్రులూ అంతే చేశారు. ఇంకేముంది, ఏటికేడు దూదిపింజ పొట్టిదైపోయింది. వడుకుతుంటే నూలు తెగడం, నేస్తుంటే మగ్గం ఆగడం.

రాజుగారికి విసుగొచ్చింది. "ఈ పంట కాక ఇంకో మూడు పంటలు చూస్తాను. అప్పటికీ నూలు తెగిందా, ఆ ఊరి చేలన్నీ నా గుర్రాలకు మేతబీళ్లు చేసేస్తాను" అన్నాడు. గుర్రాల అధికారి వీరభూపతి ఆ మాట విని మీసం దువ్వుకున్నాడు.

ఆ ఊళ్లోనే ఈరమ్మ అని ఒకావిడ ఉంది. మొగుడు పోయాక ఆమెకు మిగిలిన ఆధారం ఒక చెక్క చేను. కబురు వినగానే కూర్చుని బాగా ఏడ్చింది. ఏడవడం అయ్యాక, "నేను దున్నిన దుక్కిలో గుర్రాలు మేస్తాయా? అదీ చూద్దాం" అని కొంగు బిగించింది.

ఆ ఏడు ఊరంతా నవ్వుతున్నా మొదటి తీత అమ్మలేదు. అందులో లావుపాటి కాయలు ఏరి విత్తనం కట్టింది. మరుసటి పంటకు కాయలు విరగకాశాయి. సంబరంగా నేతగాడు సిద్ధప్ప దగ్గరికి పట్టుకెళ్లింది. అతను పింజను వేళ్లతో లాగి చూసి, "కాయ గుమ్మడికాయలా ఉందక్కా, పింజ నా గోరంత కూడా లేదు" అన్నాడు. అలా ఒక పంట గడిచిపోయింది.

గట్టుపక్కన నాలుగే కాయలు కాసిన బక్కమొక్క ఒకటి ఉంది. దాని పింజ మాత్రం జానెడు అనిపించేంత పొడుగు. రెండో పంటకు ఆ గింజలు ఒక సాలు, లావుకాయ గింజలు ఒక సాలు వేసింది. కింది కాయలు పగిలేసరికి తేలిపోయింది. పొడుగు పింజ మొక్కకు కాపే లేదు. వానలు ముఖం చాటేస్తే సగం మొక్కలు వాడిపోయాయి కూడా. ఈరమ్మ సాళ్ల మధ్య చతికిలబడింది. పై కొమ్మల్లో ఇంకా పూత ఉంది. దాన్ని చూస్తూ చూస్తూ, "దీనికున్నది దానికి లేదు, దానికున్నది దీనికి లేదు. రెంటినీ కలిపితే?" అనుకుంది.

ఇక చూడాలి ఆమె పట్టుదల! సాయంత్రం పూట, తెల్లారితే విచ్చుకునే లావుకాయ మొగ్గల్ని ఒలిచి, లోపలి పుప్పొడి తిత్తుల్ని గోటితో గిల్లేసేది. మధ్యలో కాడకు పురుగు వాలకుండా ఆముదపాకు కాడ గొట్టం ముక్క తొడిగేది. పొద్దున్నే గొట్టం తీసి, పొడుగు పింజ పువ్వు తెచ్చి ఆ కాడకు పుప్పొడి రుద్దేది. దారినపోయేవాళ్లు, "పెళ్లిళ్ల పేరమ్మా, ఇవాళ ఎవరికి ముహూర్తం?" అని వెక్కిరించేవాళ్లు. చాలా పూలు రాలిపోయాయి. రాలితే రాలాయని ఇంకో కొమ్మ పట్టుకునేది. చివరికి గుప్పెడు కాయలు నిలిచాయి.

మూడో పంటలో ఆ గింజలు మొలిచాయి. కాయ లావు, పింజ పొడుగు. సిద్ధప్ప నూలు వడికితే ఎక్కడా తెగలేదు.

ఈరమ్మ ఊరివాళ్లతో కలిసి ఆ నూలు సభకు పట్టుకెళితే, రాజుగారు దాన్ని స్వయంగా లాగి చూసి మురిసిపోయాడు. "వచ్చే ఏడు రాజ్యమంతా ఈ విత్తనమే విత్తండి" అన్నాడు. ఊరివాళ్లు హమ్మయ్య అనుకున్నారు. ఈరమ్మ తల ఊపితే చాలు, చేను దక్కేది.

అయినా ఆమె చెప్పింది. "వద్దు ప్రభూ. ఒక ఆవు దూడలన్నీ ఒకలాగే ఉంటాయా? ఇది రెండు రకాల కలుపు, ఈ గింజలు మళ్లీ వేస్తే కొన్ని తల్లిలా, కొన్ని తండ్రిలా, కొన్ని ఎందుకూ కొరగానివి వస్తాయి. మంచివి ఏరి వేయాలి, మళ్లీ ఏరాలి. ఇంకా కొన్నేళ్లు పడుతుంది."

వీరభూపతి అందుకున్నాడు. "విన్నారుగా ప్రభూ. విత్తనం కుదరలేదని తన నోటితోనే ఒప్పుకుంది. గడువూ తీరింది. ఇక ఆ చేలు గుర్రాలవి."

రాజు ఈరమ్మ వైపు తిరిగాడు. "చేను పోతుందని తెలిసీ ఎందుకు చెప్పావమ్మా?"

"చెబితే మా ఊరి చేలు పోతాయి. చెప్పకపోతే ఈ గింజను నమ్ముకుని రాజ్యమంతా మునుగుతుంది ప్రభూ."

రాజు ఆ నూలుపోగు వంక చూసి, "గుర్రాలు ఉన్నచోటే మేస్తాయి భూపతీ" అన్నాడు. "నువ్వు వెళ్లి ఏరుకో తల్లీ. ఎన్నేళ్లు పడితే అన్నేళ్లు ఏరుకో."

ఈరమ్మ ఏరింది. వేసింది, మళ్లీ ఏరింది. ఏ గింజ వేసినా ఒకే తీరు పత్తి వచ్చేనాటికి ఆమె తల ముగ్గుబుట్టయింది. అప్పుడు తనే రాజుగారికి కబురు పెట్టింది, ఇక విత్తుకోవచ్చని. ఆమె మాట మీద రాజ్యమంతా విత్తింది. నూలు తెగలేదు.

మంచిని ఏరే ఓపిక ఉండాలి, అది ఇంకా కుదరలేదని ఒప్పుకునే ధైర్యం అంతకన్నా ఎక్కువ ఉండాలి. ఆ రెండూ ఉన్న చేతి విత్తనమే పదికాలాలు మొలుస్తుంది.