పై పంక్తి

జూనియర్ ప్లీడరు శయనం అరవై రెండు పేజీల దావా రాశాడు. కోర్టు దాన్ని తిప్పి పంపింది.

గొడవ జనపనార మిల్లు పింఛను నిధిది. పన్నుల శాఖ దానికిచ్చిన గుర్తింపు రద్దు చేసింది. అది అలాగే ఉండిపోతే రిటైరైన నాలుగు వందల మంది పింఛనులో కోత పడుతుంది. మిల్లు తరఫున, వాళ్లందరి తరఫున తిరుగుతున్నవాడు పోలినాయుడు. ముప్పై ఏళ్లు మగ్గాల దగ్గర నిలబడి పనిచేసిన మనిషి. ప్లీడరు ఆఫీసులో కూర్చోమంటే, "పనవనీండి బాబూ," అని గోడకానుకుని నిలబడే ఉన్నాడు.

"జడ్జిగారు ఒక్క పేజీ తిప్పలేదండీ," అన్నాడు శయనం, తన గురువు, పెద్ద ప్లీడరు రుక్మాంగదరావు గారితో. "'మా పరిధి కాదు' అని ఒక్క ముక్క రాసి పడేశారు. నా వాదనలో తప్పుంటే చూపించమనండి."

ప్లీడరుగారు ఓపిగ్గా అంతా చదివారు.

"తప్పేం లేదు," అన్నారు. శయనం మొహం వెలిగిపోయింది, పాపం.

ఆయన దావా కట్ట చంకన పెట్టుకుని ఇద్దర్నీ కోర్టు ఆవరణలోకి తీసుకెళ్లారు. ప్రహరీ పక్కన గొడుగు కింద స్టాంపులమ్మే సింహాద్రి ఎదుట నిలబడ్డారు. నల్లకోటు బొత్తాలు పెట్టుకుని, జడ్జి ముందు చదివినట్టే మొదలుపెట్టారు. దారినపోయే గుమాస్తాలు ఆగి ముసిముసిగా నవ్వుకున్నారు. శయనానికి తల కొట్టేసినట్టయింది.

సింహాద్రి మాత్రం నవ్వలేదు. నాలుగో పేజీకి తన ముందున్న రిజిస్టరు మూసేశాడు. పదో పేజీకి కళ్లు తుడుచుకున్నాడు.

"అన్నేయం బాబూ. ముసిలోళ్ల నోటికాడ కూడు. మీరు సెప్పిందంతా రైటే," అన్నాడు. "కానీ నానేటి సెయ్యగల్ను? స్టాంపులమ్ముకునీవోణ్ని."

ప్లీడరుగారు కట్టను శయనం చేతికిచ్చారు.

శయనం మొదటి పేజీ చూశాడు. అన్ని పేజీలూ తానే రాశాడు. పైన కోర్టు పేరుండే ఒక్క పంక్తి మాత్రం టైపిస్టుకు వదిలేశాడు. అతను అలవాటుగా పాత దావాలో ఉన్నదే దించేశాడు.

"గుర్తింపు రద్దు మీద అప్పీలు ముందు పన్నుల బోర్డుకు వెళ్లాలి కదండీ," అన్నాడు మెల్లగా. "గడువుందా?"

"తొమ్మిది రోజులు."

సింహాద్రి బల్ల మీదే తెల్లకాగితం పరిచి, శయనం పై పంక్తి తన చేత్తో రాశాడు. గురువుగారికి చూపించాడు.

ఆయన అది చదివి, పోలినాయుడి వైపు తిరిగారు.

"ఇక కూర్చోండి నాయుడూ," అన్నారు.